సొట్ట

బల్లార్షాలో దీపావళికి పిల్లలు
వాకిట్లో మట్టి కోటలు కడతారు.
ఆవాలు చల్లి పచ్చిక మొలిపిస్తారు,
పగిలిన అద్దం ముక్క చెరువవుతుంది.
కాపలా సిపాయిల్ని నా దగ్గర కొంటారు,
బొటనవేలంత వాళ్ళు,
ఒక్కొక్కడు పన్నెండు రూపాయలు.

పోయినేడు కవచాలకి
డబ్బాలో వెండి రంగు డబ్బాలో ఉన్నట్టే పూశాను.
దేవ్‌తళే వాళ్ళ చిన్నోడు మర్నాడే వచ్చి
ఒకణ్ణి నా అరచేతిలో పెట్టాడు.
"హే లోఖండ్ నాహీ, మావ్‌శీ."
ఇది ఇనుము కాదట. చాక్లెట్ కాగితమట.

డబ్బు తిరిగిచ్చేశాను.
రాత్రి నిద్ర పట్టలేదంటే అబద్ధం.
పట్టింది గానీ, కలలో నా సైన్యమంతా
చాక్లెట్ కాగితాలు గలగలలాడిస్తూ నడిచింది.

అప్పట్నుంచి ఇనుమును చూడటం మొదలుపెట్టాను.
పందొమ్మిదేళ్ళుగా తోముతున్న పెనం
ఏ రంగో నాకు తెలియదని తెలిసింది.
ప్లాట్‌ఫారం కొసన
గూడ్స్ బండి బఫర్ల ఎదురుగా కూర్చున్నాను,
రైల్వే పోలీసు రెండుసార్లు లేపాడు.
పొద్దున అది పైన నీలం, కింద ఎర్రమట్టి.
దగ్గరికి వెళ్తే నా చీర ఆకుపచ్చ.
కాగితం మిల్లు పొగ కిందికి దిగిన రోజు
అదీ బూడిదై కూర్చుంది.
ఇనుముకు సొంత రంగు లేదు,
ఎదుట ఏముంటే అదే దాని మొహం.

అందుకే ఇప్పుడు ముందు నలుపు.
తల నుంచి కాలిదాకా అమావాస్య.
ఆరాక, వెండిలో ముంచిన కుంచెను
పాత లుంగీ గుడ్డకు తుడిచి, మళ్ళీ తుడిచి,
ఇంకేమీ మిగల్లేదు అనుకున్నాక
ఆ ఏమీ లేనిదాన్నే పైపైన రుద్దాలి.
గొలుసు అల్లిక మిట్టలకు మాత్రం అంటుతుంది,
పల్లాల్లో చీకటి చీకటిగానే ఉంటుంది.
భుజాల మీద చిటికెడు నీలం, ఆకాశం బాకీ.
నడుం కింద గోధుమ రంగు, నేల బాకీ.
నీళ్ళు నిలిచే మడతలో తుప్పు,
దానికి ఇటుక పొడిలో టీ డికాక్షన్.
కత్తి ఒర ఒరుసుకునే తొడ దగ్గర మెరుపు.
చివరికి ఒకే ఒక్క తెల్ల చుక్క,
మూడు వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి.
ఆ చుక్క ఎక్కడో తేల్చుకుంటే
పొద్దు ఎక్కడుందో తేలినట్టే.

సొట్ట మాత్రం చేతికి రాలేదు.
ఎలా పెట్టినా మరకలా ఉంది.

మా ఆయన రాజలింగం అన్నం డబ్బాకి ఒక సొట్ట ఉంది.
గని పైకప్పు పెళ్ళ ఊడిన రోజు
నడుముకు కట్టుకున్న డబ్బా మీద పడింది.
అప్పట్నుంచి మూత పట్టదు, రబ్బరు బ్యాండు వేస్తాను.
కొత్తది కొందామంటే ఒప్పుకోడు.
"పాడైతే ఏందే, అన్నం పడ్తలేదా?"

ఒక రాత్రి దాన్ని బల్బు కింద పెట్టి చూశాను.
డబ్బా అంతటా వెలుగు పైన, నీడ కింద.
సొట్టలో మాత్రం తలకిందులు,
పైఅంచు చీకటి, కిందఅంచు మెరుపు.
ఇంతేనా, అనుకున్నాను.
చాలాసేపు డబ్బా కిందపెట్టలేదు.

ఈ ఏడు రెండొందల మందిలో
ఒక్కడికే పెట్టాను, ఎడమ డొక్కలో.
దేవ్‌తళే చిన్నోడు బుట్టంతా కెలికి
వాణ్ణే పైకి తీశాడు.
గోటితో సొట్టను తడిమాడు, గోరు జారిపోయింది,
అక్కడ గుంట లేదు మరి.
"యాలా కోణీ మార్‌లం?"
ఎవరూ కొట్టలేదురా, మీద పడింది.
"చచ్చిపోయాడా?"
లేదు. సాయంత్రం ఆరింటికి ఇంటికొస్తాడు,
వచ్చీ రాగానే టీ అడుగుతాడు.

వాడు కాసేపు ఆలోచించాడు.
"సొట్ట పడ్డోడు కదా మావ్‌శీ,
పది రూపాయలకియ్యి."

ఇవ్వలేదు.
పన్నెండూ లెక్కపెట్టి తీసుకున్నాను.